1,041 క్వెరీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే దారులు

జావా అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3 వచ్చింది 2022 నవంబరులో. దానికి మారాలంటే జావా ప్రాజెక్టులో జేపీఏ (ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే జావా ప్రమాణం) వాడిన ప్రతి ఫైల్‌లోనూ ఇంపోర్ట్ లైన్ ముట్టుకోవాలి. జావాఎక్స్ అని ఉన్నచోట జకార్తా అని రాయాలి. పనిలో పనిగా, జేపీఏను అమలు చేసే లైబ్రరీ అయిన హైబర్నేట్ 5 నుంచి 6కు వెళ్లాలి. ఇంపోర్టుల సంగతి ఫైండ్ అండ్ రీప్లేస్‌తో చాలావరకు తేలిపోతుంది. కానీ ఫైళ్లన్నీ ఎలాగూ తెరిచారు కాబట్టి చాలా టీముల్లో పాత పంచాయితీ కూడా తెరుచుకుంది. "ఈ హైబర్నేట్ మనకెందుకు, తీసేసి నేరుగా ఎస్‌క్యూఎల్ రాసుకుందాం" అనేవాళ్లు ఒకవైపు (ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌ను అడిగే భాష, అలా అడిగే ఒక్కో ప్రశ్న ఒక క్వెరీ). "రెండు వందల టేబుళ్లకు చేత్తో ఎస్‌క్యూఎల్ ఎవరు రాస్తారండీ" అనేవాళ్లు ఇంకోవైపు.

రెండు వైపులా నిజం ఉంది. కాకపోతే ఒకరు నెలాఖరు రిపోర్టును తలచుకుని మాట్లాడుతుంటారు, ఇంకొకరు నియమాలతో నిండిన ఎంట్రీ స్క్రీన్‌ను తలచుకుని. ఆ తేడా కనబడాలంటే ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని నడవాలి. మనకు బాగా తెలిసిన చీటీల కంపెనీనే తీసుకుందాం.

ఆబ్జెక్ట్ తీరు వేరు, టేబుల్ తీరు వేరు

ముందుగా మాట అర్థం. పర్సిస్టెన్స్ అంటే ప్రోగ్రామ్ ఆగినా, సర్వర్ రీస్టార్ట్ అయినా డేటా నిలిచి ఉండటం. జావా, సీ షార్ప్ లాంటి భాషల్లో డేటా మెమరీలో ఆబ్జెక్టులుగా ఉంటుంది. నిలవాల్సిన చోట, అంటే రిలేషనల్ డేటాబేస్‌లో, టేబుళ్లుగా ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చే పని ఎవరో ఒకరు చేయాలి.

ఐదు లక్షల చీటీ అనుకుందాం. 25 మంది సభ్యులు, 25 నెలలు, నెలకు 20,000. మెమరీలో చీటీ అనే ఆబ్జెక్ట్ ఉంటుంది. దానిలోపల సభ్యుల లిస్టు, ఒక్కో సభ్యుడి లోపల వాయిదాల లిస్టు. చీటీ నుంచి సభ్యుడికి, సభ్యుడి నుంచి వాయిదాకు చేయి పట్టుకుని వెళ్లినట్టు వెళ్లిపోవచ్చు.

టేబుల్‌లో ఈ లోపల, బయట అనేవి ఉండవు. చీటీల టేబుల్, సభ్యుల టేబుల్, వాయిదాల టేబుల్ పక్కపక్కనే పడి ఉంటాయి. వాయిదా రోలో (టేబుల్‌లోని ఒక వరుసలో) సభ్యుడి నంబరు, సభ్యుడి రోలో చీటీ నంబరు రాసి ఉంటాయి. ఆబ్జెక్టులో బాణం తల్లి నుంచి బిడ్డకు వెళితే, ఇక్కడ బిడ్డ చేతిలో తల్లి చిరునామా ఉంటుంది. సంబంధం కావాలంటే రెండు టేబుళ్లను ఆ నంబరుతో కలిపి, అంటే జాయిన్ చేసి, తెచ్చుకోవాలి.

ఇంకో చిక్కు: చీటీ వేసింది మనిషి కావచ్చు, ఒక సంస్థ కావచ్చు. ఆబ్జెక్టుల్లో సభ్యుడు అనే క్లాస్ రాసి, దాని కింద వ్యక్తి, సంస్థ అని రెండు పెడితే సరిపోతుంది. టేబుళ్లకు వారసత్వం తెలియదు. అంతా ఒకే టేబుల్‌లో వేస్తే సగం కాలమ్‌లు ఖాళీగా ఉంటాయి. విడదీస్తే ప్రతిసారీ జాయిన్ తప్పదు. తెలిసి ఒకటి ఎంచుకోవడమే తప్ప మూడో మంచి దారి లేదు.

ముందు ప్రయత్నించి పక్కన పెట్టినవి

అన్నిటికన్నా సులువైన ఆలోచన ఆబ్జెక్టును ఉన్నదున్నట్టు బైట్లుగా మార్చి ఫైల్‌లో రాసేయడం, అదే సీరియలైజేషన్. క్లాస్‌కు ఒక ఫీల్డ్ కలిపి మళ్లీ కంపైల్ చేశాక పాత ఫైల్ తెరవబోతే, వెర్షన్ నంబరు ముందే చేత్తో ఇచ్చి ఉండకపోతే, జావా తెరవనంటుంది. తెరిచినా "బాకీ ఉన్న సభ్యులు ఎవరు" అని ఆ బైట్లను అడగలేం.

తర్వాతిది ఆబ్జెక్ట్ డేటాబేస్. జెమ్‌స్టోన్, ఆబ్జెక్ట్‌స్టోర్, వెర్సాంట్ లాంటివి ఆబ్జెక్టులను వాటి రూపంలోనే దాచేవి, మార్చే పనే ఉండదు. 1993లో ఓడీఎంజీ అనే ప్రమాణం కూడా వచ్చింది. సాంకేతికంగా తప్పు పట్టడానికి పెద్దగా లేదు. కొన్ని రంగాల్లో బాగా నడిచాయి కూడా. వ్యాపార అప్లికేషన్లలో నిలదొక్కుకోకపోవడానికి కారణం వేరని నా అభిప్రాయం. చీటీల డేటా ఆ ఒక్క అప్లికేషన్ సొత్తు కాదు. ఆడిటర్ వస్తాడు, అకౌంట్స్ వాళ్లకు వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, మేనేజరుకు ఎక్సెల్ కావాలి. అప్లికేషన్‌ను పదేళ్లలో రెండుసార్లు తిరగరాస్తారు, డేటా మాత్రం అదే ఉంటుంది. టేబుల్ అయితే ఏ ప్రోగ్రామైనా చదువుతుంది. ఒక ప్రోగ్రామ్ క్లాసులకు అతుక్కుపోయిన డేటా అలా కాదు.

ఇక 1998లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ (ఈజేబీ) అనే జావా ప్రమాణంలోని ఎంటిటీ బీన్లు, అంటే డేటాబేస్‌లో నిలిచే ఆబ్జెక్టులు. మొదటి రోజుల్లో ఒక సభ్యుడి పేరు అడిగినా, ఫోన్ నంబరు అడిగినా ఒక్కోటీ ఒక్కో రిమోట్ కాల్‌గా (వేరే మెషీన్‌ను అడిగినట్టు) లెక్క. ఒక్క ఎంటిటీకి మూడు నాలుగు ఫైళ్లు రాయాలి. 2001లో వచ్చిన 2.0లో అదే మెషీన్ లోపలే పిలిచే లోకల్ ఇంటర్‌ఫేస్‌లు పెట్టి కొంత సర్దారు. అప్పటికే జనం విసిగిపోయారు. అదే ఏడాది గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్‌కు అంత ఆదరణ రావడానికి ఆ విసుగే సగం కారణం. 2006లో ఈజేబీ 3.0తోపాటు వచ్చిన జేపీఏ ప్రమాణంలో హైబర్నేట్ పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఓఆర్‌ఎం ఎక్కడ నిజంగా అక్కరకొస్తుంది

ఓఆర్‌ఎం అంటే ఆబ్జెక్టుకూ టేబుల్‌కూ మధ్య దుబాసీ. ఏ ఫీల్డ్ ఏ కాలమో ఒకసారి చెబితే, ఎస్‌క్యూఎల్ అదే రాసుకుంటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. రూబీ ఆన్ రైల్స్, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కుల పద్ధతిలో ఆబ్జెక్టే తనను తాను సేవ్ చేసుకుంటుంది. హైబర్నేట్ పద్ధతిలో ఆబ్జెక్టుకు డేటాబేస్ ఊసే తెలియదు, సెషన్ అనే మధ్యవర్తి చూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2002లో వీటికి యాక్టివ్ రికార్డ్, డేటా మ్యాపర్ అని పేర్లు పెట్టి వివరించాడు. పెద్ద అప్లికేషన్ల చర్చలో ఎక్కువగా నలిగేది రెండోది.

చీటీ పాట రోజు చూడండి. ఒకరు లక్ష తగ్గించి పాడారు. ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమిషన్ చీటీ మొత్తంలో ఐదు శాతం అనుకుంటే 25,000. మిగిలిన 75,000ను 25 మందికి పంచితే తలా 3,000 డివిడెండ్. కాబట్టి వచ్చే వాయిదా 20,000 కాదు, 17,000. ఒకసారి పాడుకున్నవాళ్లు మళ్లీ పాడకూడదు. బాకీ ఉన్నవాళ్లను పాటలో కూర్చోనివ్వాలా వద్దా అన్నది కంపెనీ నియమం. కమిషన్ చట్టం పెట్టిన పరిమితి దాటకూడదు. ఆ పరిమితి కూడా 2019 సవరణతో ఐదు నుంచి ఏడు శాతానికి మారింది.

ఇవన్నీ చీటీ ఆబ్జెక్ట్‌లో ఒక మెథడ్‌గా రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. డేటాబేస్ లేకుండానే టెస్ట్ చేసుకోవచ్చు. ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరగాల్సిన, లేదా ఏదీ జరగకూడని మార్పుల గుంపు) ముగిసేటప్పుడు హైబర్నేట్ తాను లోడ్ చేసిన ఆబ్జెక్టుల్లో ఏవి మారాయో పోల్చి చూసి 25 అప్‌డేట్లు తానే పంపుతుంది. ప్రోగ్రామర్ "సేవ్" అని రాయనక్కర్లేదు. ముట్టుకునేది ఒక చీటీ, పాతిక వాయిదాలు. డేటా తక్కువ, నియమాలు ఎక్కువ. ఇలాంటి చోట చేత్తో ఎస్‌క్యూఎల్ రాయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఆ 1,041 లెక్క

ఇప్పుడు నెలాఖరు. బ్రాంచ్‌లో 40 చీటీలున్నాయి. ఒక్కో చీటీ మీద ఎంత బకాయి ఉందో మేనేజరుకు స్క్రీన్ మీద కావాలి. అలవాటైన చేత్తో కొత్త ప్రోగ్రామర్ మూడు లూపులు రాస్తాడు: చీటీలన్నీ తీసుకో, ఒక్కో చీటీలో సభ్యులను చూడు, ఒక్కో సభ్యుడి వాయిదాలను కూడు. కోడ్ ముచ్చటగా ఉంటుంది.

జేపీఏలో ఇలాంటి లిస్టులు మామూలుగా లేజీ, అంటే అడిగినప్పుడే వస్తాయి. చీటీలకు ఒక క్వెరీ. 40 చీటీల సభ్యుల కోసం 40. వెయ్యి మంది సభ్యుల వాయిదాల కోసం వెయ్యి. మొత్తం 1,041. దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు.

ఇది ల్యాప్‌టాప్‌లో దొరకదు. అక్కడ డేటాబేస్ అదే మెషీన్ మీద ఉంటుంది, టెస్ట్ డేటాలో మూడు చీటీలుంటాయి. ప్రొడక్షన్‌లో డేటాబేస్ వేరే సర్వర్. ఒక్కసారి వెళ్లి రావడానికి 2 మిల్లీసెకన్లు అనుకున్నా 1,041 సార్లకు రెండు సెకన్లు దాటుతుంది. అది ఒక బ్రాంచ్, ఒక మేనేజరు. నెలాఖరు సాయంత్రం అన్ని బ్రాంచీల వాళ్లూ అదే స్క్రీన్ తెరిస్తే కనెక్షన్ పూల్, అంటే డేటాబేస్‌కు తెరిచి ఉంచిన కనెక్షన్ల కోటా, నిండిపోతుంది. అప్పుడు కౌంటర్లో రసీదు కూడా రాదు. ఒక ప్రాజెక్టులో ఇలాంటి సాయంత్రమే లాగ్ తెరిచి ఒకే సెలెక్ట్ లైన్ పేజీల కొద్దీ కనబడగానే, అది లాగింగ్ బగ్ అనుకుని గంటసేపు లాగర్ కాన్ఫిగరేషన్ వెతికినవాణ్ని నేను.

"అయితే జాయిన్ ఫెచ్ పెట్టు" అంటారు. పెడితే సభ్యులు, వాయిదాలు కూడా చీటీలతోపాటే వస్తాయి, ఒకటే క్వెరీ. కానీ వచ్చేది 40 × 25 × 25, అంటే 25,000 రోలు. చీటీ పేరు, సభ్యుడి పేరు ప్రతి రోలోనూ మళ్లీ మళ్లీ వస్తాయి. వాటినుంచి వేల ఆబ్జెక్టులు కట్టి, కూడి, చివరికి చూపించేది 40 అంకెలు. పోనీ పేజీకి పది చీటీలు చూపిద్దామని లిమిట్ పెడితే, లిస్టును జాయిన్ ఫెచ్ చేసే క్వెరీలో హైబర్నేట్ ఆ లిమిట్‌ను డేటాబేస్‌కు పంపదు. అన్నీ మెమరీలోకి తెచ్చుకుని అక్కడ కత్తిరిస్తుంది. లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది, నిజమే. చదివేది ఎవరు?

అదే పని, చీటీ వారీగా కూడే గ్రూప్ బై, సమ్ పెట్టిన ఒక్క ఎస్‌క్యూఎల్‌తో డేటాబేస్‌లోనే అయిపోతుంది, వచ్చేవి 40 రోలే. ఇక్కడ ఆబ్జెక్టులతో పనే లేదు, ఎందుకంటే ఏ నియమమూ నడవడం లేదు. నిజానికి జేపీఏ క్వెరీ భాషలో కూడా ఇది రాయవచ్చు. హైబర్నేట్ అడ్డుపడలేదు, లూపు రాసే అలవాటు అడ్డుపడింది. ఓఆర్‌ఎం మీద న్యాయమైన ఫిర్యాదు ఏమిటంటే, ఖరీదైన పని కూడా చవకైన పనిలాగే కనబడటం. మెమరీలో ఉన్న లిస్టు మీద లూపుకూ, వెయ్యి సార్లు నెట్‌వర్క్ దాటే లూపుకూ కోడ్‌లో తేడా ఉండదు.

రాసేటప్పుడు కూడా ఇలాంటిది ఒకటుంది. కొత్త చీటీ తెరిస్తే 625 వాయిదాల రోలు ఇన్సర్ట్ అవ్వాలి. ఐడీని ఆటో ఇంక్రిమెంట్‌కు వదిలేస్తే, రో వేస్తే గాని ఐడీ తెలియదు కాబట్టి హైబర్నేట్ ఇన్సర్ట్‌లను బ్యాచ్‌గా కట్టగట్టి పంపలేక, 625 సార్లు విడివిడిగా పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో ముందే నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ వాడి, బ్యాచ్ సైజు 50 పెడితే ఇన్సర్ట్‌లు 13 బ్యాచీల్లో పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో సీక్వెన్సులే లేవు.

ఎస్‌క్యూఎల్‌ను దాచకుండా వాడే దారి

మైబాటిస్, స్ప్రింగ్‌లోని జేడీబీసీ టెంప్లేట్, జూక్ అనే జావా లైబ్రరీలు ఈ కోవలోవి. మైబాటిస్ మొదట ఐబాటిస్, 2010లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ గొడుగు నుంచి బయటికొచ్చి పేరు మార్చుకుంది. ఎస్‌క్యూఎల్ మీరు రాస్తారు, వచ్చిన రోలను ఆబ్జెక్టుల్లో నింపే పని అది చేస్తుంది. కనబడిన క్వెరీయే నడుస్తుంది, చాటుగా ఏదీ జరగదు. డేటాబేస్ బాగా తెలిసినవాళ్లున్న టీముకు ఇది పెద్ద నిశ్చింత.

ఇబ్బంది వేరే చోట వస్తుంది. వాయిదాల టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మారిస్తే మైబాటిస్ క్వెరీలు ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో అది వాడినవన్నీ వెతకాలి. ఒకటి తప్పిపోతే ఆ స్క్రీన్ తెరిచిన రోజునే తెలుస్తుంది. స్క్రీన్ నుంచి వచ్చినదాన్ని పారామీటరుగా పంపకుండా డాలర్ గుర్తుతో క్వెరీలో అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే బయటివాడు తన క్వెరీ దూర్చడానికి, తలుపు తీసినట్టే. జూక్ వీటికి ఒక జవాబిస్తుంది: టేబుళ్లను చూసి క్లాసులు తయారుచేస్తుంది, క్వెరీ జావాలోనే రాస్తాం, తప్పు కాలమ్ రాస్తే కంపైలే కాదు. దాని ఉచిత వెర్షన్ పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి ఓపెన్ సోర్స్ డేటాబేసులకే. ఒరాకిల్‌కు లైసెన్సు కొనాలి.

ఓఆర్‌ఎం పక్షం వాళ్లు తరచూ చెప్పే ఇంకో మాట, డేటాబేస్ మార్చడం తేలిక అని. కొంతవరకే. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే నల్ (విలువే లేనిది), పోస్ట్‌గ్రెస్‌లో రెండూ వేరు. "గోత్రం ఖాళీగా ఉన్న సభ్యులు" అనే క్వెరీ రెండు చోట్లా రెండు జవాబులిస్తుంది. హైబర్నేట్ ఉన్నా ఇది మీ నెత్తినే ఉంటుంది.

రెండు చెల్లింపులు, ఒకే వాయిదా

ఏ దారి పట్టినా తప్పని చిక్కు ఇది. సభ్యుడి బాకీ 17,000. కొడుకు కౌంటర్లో 8,000 కట్టాడు. అదే నిమిషంలో తండ్రి యూపీఐలో 5,000 పంపాడు. రెండు రిక్వెస్టులూ 17,000 అనే చదివాయి. మొదటిది 9,000 అని రాసింది, రెండోది 12,000 అని రాసింది. ఉండాల్సింది 4,000. ఎనిమిది వేలు గాలికి పోయాయి, రసీదు మాత్రం సభ్యుడి చేతిలో ఉంది.

జేపీఏలో వెర్షన్ కాలమ్ పెడితే, "వెర్షన్ ఇంకా 3 అయితేనే మార్చు" అని అప్‌డేట్ వెళుతుంది. ముందే ఎవరో మార్చేసి ఉంటే ఏ రో కూడా మారదు, ఎర్రర్ వస్తుంది, మళ్లీ చదివి మళ్లీ చేయాలి. ఈ రక్షణ ఒక్క అనోటేషన్‌తో (ఫీల్డ్ మీద పెట్టే గుర్తుతో) వస్తుంది, అది రాయకపోతే రాదు. చేత్తో ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లు "బాకీలోంచి 8,000 తీసేయ్" అని ఒకే అప్‌డేట్ రాస్తారు, ఒకరు మారుస్తుండగా ఇంకొకరిని ఆపే రో లాక్ సంగతి డేటాబేస్ చూసుకుంటుంది. లెక్క సరిగ్గా 4,000కు వస్తుంది. వాళ్లు కూడా ముందు చదివి తర్వాత రాస్తే కథ మళ్లీ మొదటికే.

డాక్యుమెంట్లు, చిట్టా పద్ధతి

మాంగోడీబీ లాంటి డాక్యుమెంట్ డేటాబేస్‌లో చీటీ మొత్తం, లోపలి సభ్యులతో, 625 వాయిదాలతో సహా ఒకే డాక్యుమెంటుగా కూర్చుంటుంది. ఒక డాక్యుమెంటుకు 16 ఎంబీ పరిమితి ఉంది, మన చీటీ దాని దరిదాపులకు కూడా పోదు. చీటీ తెరవడం ఒక్క చదువు. కానీ ఒకే మనిషి మూడు చీటీల్లో ఉంటే? ఆయన ఫోన్ నంబరు మూడు డాక్యుమెంట్లలో రాశామా, వేరే చోట రాసి నంబరు పెట్టుకున్నామా? రెండోదైతే మళ్లీ జాయిన్ దగ్గరికే వచ్చాం. ఒకటికి మించి డాక్యుమెంట్లను ఒకే ట్రాన్సాక్షన్‌లో మార్చడం మాంగోలో 2018లో 4.0తో వచ్చింది, కాబట్టి "ట్రాన్సాక్షన్లు లేవు" అన్న పాత విమర్శ ఇప్పుడు చెల్లదు. మధ్యేమార్గం కూడా ఉంది: పోస్ట్‌గ్రెస్‌లో 2014 నుంచి డాక్యుమెంటును దాచుకునే జేసన్‌బీ కాలమ్ ఉంది. డబ్బు లెక్కలు టేబుళ్లలో, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండే కేవైసీ వివరాలు జేసన్‌లో పెట్టుకోవచ్చు.

ఇంకొకటి ఈవెంట్ సోర్సింగ్. పేరు కొత్తగా ఉన్నా మన షావుకార్లకు తెలిసిన పద్ధతే. చిట్టాలో జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తారు, దాన్నుంచి ఆవర్జాలో ఒక్కొక్కరి ఖాతా తేలుతుంది. ఇక్కడ కూడా "8,000 కట్టాడు", "5,000 కట్టాడు" అని సంఘటనలనే దాస్తారు, బాకీ వాటినుంచి లెక్కగడతారు. తప్పు పడితే చెరపరు, ఎదురు పద్దు రాస్తారు. ఆడిట్‌కు ఇంతకన్నా మంచిది లేదు. అయితే ఐదేళ్ల కిందటి సంఘటన ఏ ఆకారంలో రాశారో ఆ ఆకారాన్ని నేటి కోడ్ కూడా చదవగలగాలి. సభ్యుల అడ్రసులు మార్చుకునే స్క్రీన్‌కు ఇంత హంగామా అక్కర్లేదు.

రెండూ కలిపి వాడితే

చీటీల కంపెనీకైతే పాట, వసూలు, కొత్త చీటీ లాంటి నియమాలున్న పనులు జేపీఏతో, రిపోర్టులు జూక్ లేదా మైబాటిస్‌తో చేయమనే నేను చెబుతాను. ఒకే అప్లికేషన్‌లో రెండు ఉండకూడదని నియమమేమీ లేదు, చాలాచోట్ల అలాగే నడుస్తోంది.

అలా కలిపినప్పుడు ఒక గొయ్యి ఉంటుంది. పాట ముగిసింది, మెథడ్ నడిచింది, మెమరీలో 25 వాయిదాలూ 17,000కు మారాయి. అదే ట్రాన్సాక్షన్‌లో, తర్వాతి లైన్‌లో సభ్యులకు పంపే నోటీసు కోసం మైబాటిస్ క్వెరీ నడిచింది. నోటీసులో 20,000 అని వచ్చింది. ఎందుకంటే హైబర్నేట్ ఆ అప్‌డేట్లను ఇంకా డేటాబేస్‌కు పంపలేదు, కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖాయం చేయడం) దాకా దగ్గరే పెట్టుకుంది. తన ద్వారా వెళ్లే క్వెరీ అయితే ముందుగా వాటిని పంపేది. మైబాటిస్ పక్కదారిన వెళ్లిన సంగతి దానికి తెలియదు. మైబాటిస్‌ను పిలిచే ముందు ఎంటిటీ మేనేజర్ (జేపీఏలో సెషన్‌కు పేరు) మీద ఫ్లష్, అంటే మార్పులు ఇప్పుడే పంపు, అని ఒక్క లైన్ రాస్తే నోటీసులో 17,000 వస్తుంది. ఆ లైన్ పక్కన అది ఎందుకుందో కామెంట్ కూడా రాసి పెట్టండి, లేకపోతే పనికిరాని లైన్ అనుకుని ఎవరో తీసేస్తారు.